నా గదిలో పర్యాటకుడు

3వ తేదీ, గురువారం

ఈ రోజుతో నా చిరునామా మారింది. మేడమీద తూర్పు కిటికీ ఉన్న గది ఇకపై నాది కాదు, "అతిథులది". ఆ అతిథులు ఎవరో, ఎప్పుడు వస్తారో అమ్మకు తెలియదు. నాకు మాత్రం తెలుసు: రారు. అయినా నా పుస్తకాలూ, నా దీపమూ, నేనూ మెట్ల కింది సామాన్ల గదిలోకి తరలించబడ్డాము. ఇక్కడ పైకప్పు మెట్లతోపాటే కిందికి దిగుతుంది. అందుచేత ఒక మూల నిలబడవచ్చు, ఒక మూల కూర్చోవచ్చు, మిగిలిన చోట పడుకోవడం తప్ప మరో మార్గం లేదు. గది గురించి నాకు పట్టింపు లేదు. సూత్రం గురించి ఉంది.

ప్రభుత్వం ప్రజల సొమ్ముతో ఊరి చివర ఒక స్టేడియం కట్టింది. వచ్చే వారం అందులో క్రీడోత్సవం. పర్యాటకులు తండోపతండాలుగా తరలివస్తారని కనబడిన ప్రతి గోడకూ అంటించారు. ఆ పోస్టరును అక్షరం వదలకుండా నమ్మిన మనిషి మా ఇంట్లోనే ఉంది. బట్టల దుకాణంలో కత్తిరింపు బల్ల దగ్గర పొద్దున నిలబడితే సాయంత్రానికి గాని కూర్చోని అమ్మ. ఆమె మోకాళ్ళు ఇక మా వల్ల కాదంటున్నాయి. సెలవు పెట్టి, నా గదికి కొత్త కర్టెన్లు కుట్టి, దుకాణం యజమానికి ఒక మాట చెప్పి వచ్చింది: "ఉత్సవం అయ్యేలోగా గది అద్దెకు నడిస్తే పని మానేస్తాను. నడవకపోతే మళ్ళీ బల్ల దగ్గరికే వస్తాను."

ఈ చివరి సంగతిని నేను వాదనకు సంబంధించని విషయంగా పరిగణిస్తున్నాను.

5వ తేదీ

కాకతాళీయాలను నేను నమ్మను. కాని కళాశాలల మధ్య జరిగే చర్చాపోటీ ఫైనల్‌కు ఈ రోజు ప్రకటించిన విషయం ఇది: "ప్రభుత్వ ధనంతో కట్టే స్టేడియాలు, జరిపే క్రీడోత్సవాలు పర్యాటకులను నిజంగా ఆకర్షిస్తాయి." ఎవరు అనుకూలమో, ఎవరు ప్రతికూలమో వేదిక మీదే నాణెం ఎగరేసి తేలుస్తారు. అందుచేత రెండు వైపులా సిద్ధం కావాలన్నది ఆనవాయితీ. నేను ఒక్క వైపే సిద్ధమవుతున్నాను, సత్యం ఉన్న వైపు.

నా జోడీ వక్తను కాలేజీలో అందరూ ఫుట్‌నోట్ అంటారు. "ఎండగా ఉంది" అని చెప్పవలసి వచ్చినా "ఆధారం: కిటికీ" అని చేర్చే మనిషి.

"అనుకూలం పడితే ఏం చేద్దాం?" అన్నాడు.

"పడదు."

"ఆధారం?"

లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదు కనుక అతణ్ణి క్షమించాను.

6వ తేదీ

ఇంట్లో అభ్యాసం. శ్రోతలు: ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్న అమ్మ, కుర్చీలో కళ్ళు మూసుకున్న అమ్మమ్మ.

"అమ్మా, ఊళ్ళోవాడు సినిమాకు పెట్టే డబ్బే మైదానంలో పెడతాడు. జేబు అదే, చెయ్యి అదే. ఊరికి కొత్తగా వచ్చిందేమిటి?"

"ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. "రెండోది—"

"లాగు. చిరిగేట్టు కాదు, తల్లీ."

"రెండోది, ఏటా మామూలుగా వచ్చే యాత్రికుడు ఈసారి రద్దీకి జడిసి ప్రయాణం మానుకుంటాడు. మూడోది, ఆట కోసం వచ్చినవాడు ఆట అయిపోగానే బస్సెక్కుతాడు. ఊరూ చూడడు, గదీ అడగడు."

అమ్మ దుప్పటిని చక్కగా మడిచి నా చేతుల్లో పెట్టింది. "మేడమీద పెట్టిరా."

మా పోటీల్లో ఒక మౌలిక నియమం ఉంది: ఎదుటివారు జవాబు చెప్పని వాదనను వారు ఒప్పుకున్నట్టే లెక్క. ఆ లెక్కన అమ్మ మూడింటినీ ఒప్పుకుంది. మెట్లెక్కుతుంటే అమ్మమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఏమే వకీలమ్మా, నువ్వు పట్టిన కుందేలుకు కాళ్ళెన్ని?"

"ఆధారాలు మూడనే చెబుతున్నాయి."

"అదే అనుకున్నా."

11వ తేదీ

ఉత్సవం మొదలైంది. మా ఇల్లు కిటకిటలాడుతోంది. నా సిద్ధాంతం కూలిందని ఎవరూ తొందరపడనవసరం లేదు: వచ్చినవారు మామయ్య, అత్తయ్య, అత్తయ్య తరపు మరో ఇద్దరు. అందరివీ ఉచిత పాసులే.

"సొంత చెల్లెలి ఇల్లుండగా లాడ్జీలో దిగితే నలుగురూ నవ్వరూ?" అన్నాడు మామయ్య, చెప్పులు విప్పుతూ. "ఆట చూసినట్టూ ఉంటుంది, అమ్మను చూసినట్టూ ఉంటుంది."

"ముందు ఏది చూస్తావురా?" అంది అమ్మమ్మ.

మామయ్య వినిపించుకోలేదు. తిన్నగా మేడెక్కి, నా మంచం మీద వాలి, చుట్టూ పరికించాడు. "కర్టెన్లు భలే ఉన్నాయే చెల్లాయ్! ఎవరైనా వస్తున్నారా ఏమిటి?"

"మీరు వచ్చారుగా అన్నయ్యా," అంది అమ్మ.

ఫైనల్ కోసం నమోదు: క్రీడోత్సవాలు ఆకర్షించేది పర్యాటకులను కాదు, బంధువులను.

14వ తేదీ

మామయ్య వాళ్ళు వెళ్ళారు. కొత్త టవలు కూడా వెళ్ళింది.

15వ తేదీ

ఒకడు వచ్చాడు. నిజంగా వచ్చాడు. ఒకరు అనడం మర్యాద: ఒక పెద్దాయన, రిటైరైన పళ్ళ డాక్టరు, మెడలో దుర్భిణి, నెత్తిన టోపీ. లాంగ్ జంప్ చూడటానికి వచ్చాడట. నలభై ఏళ్ళు మనుషుల నోళ్ళలోకి చూశాక, దూరంగా ఉన్నదేదైనా చూడాలనిపించిందట. వారాంతం దాకా గది కావాలన్నాడు. అద్దె చెల్లించే, ముక్కూ మొహం తెలియని, ఎవరి తరపూ కాని సిసలైన పర్యాటకుడు.

అమ్మ ఆ మోకాళ్ళతోనే మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. వేడి నీళ్ళన్నది, ఇంకో దిండన్నది. ఒకసారి ఏమీ పట్టుకెళ్ళకుండానే ఎక్కింది. కూనిరాగం తీస్తోంది. నేను పుట్టాక ఆమె కూనిరాగం తీయడం ఇదే మొదటిసారి కాబోలు. లేదా నేను మాట్లాడకుండా ఉండటం మొదటిసారి కావచ్చు.

ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కూలదు. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కూలదు.

16వ తేదీ, సాయంత్రం

ఘనవిజయం. వివరంగా రాస్తున్నాను.

డాక్టరు గారు స్టేడియం నుంచి వచ్చి, వరండాలో టీ తాగుతూ, మర్యాదకు అడిగారు: "ఏమ్మాయ్, మిగిలిన రోజుల్లో ఈ ఊళ్ళో చూడదగ్గవి ఏమున్నాయి?"

ఇది ప్రశ్న కాదు, సవాలు. కనీసం నాకు అలా వినిపించింది.

"డాక్టరు గారూ, ముందు మీరు ఎందుకు వచ్చారో పరిశీలిద్దాం," అన్నాను.

జేబుతో మొదలుపెట్టాను. జడిసిన యాత్రికుణ్ణి ప్రవేశపెట్టాను. ఆట అవగానే బస్సెక్కేవాడితో ముగించాను. స్టేడియంలో సగం సీట్లు మా కాలేజీకి సెలవిచ్చి నింపినవని కూడా చెప్పాను, ఎందుకంటే నేనూ ఒక సీటు నింపాను. ఈ ఊరికి ఆట కోసం వచ్చి వారమంతా ఉండే పర్యాటకుడు ప్రభుత్వ పోస్టరులో తప్ప ప్రకృతిలో లేడని నిరూపించాను. ఆయన కప్పు చేత్తో పట్టుకుని, నోరు తెరిచి విన్నారు. రెండుసార్లు ఏదో అనబోయారు. అనే అవకాశం నేనివ్వలేదు.

చివరికి, "నువ్వు చెప్పినదాంట్లో తప్పేమీ కనబడటం లేదమ్మాయ్," అన్నారు. ఆ టీ చల్లారిపోయింది.

న్యాయనిర్ణేతలు లేని చోట కూడా ఇంతటి నిర్ద్వంద్వమైన తీర్పు నాకెన్నడూ దక్కలేదు.

17వ తేదీ

డాక్టరు గారు పొద్దుటి బస్సుకు వెళ్ళిపోయారు.

ఆయన ఆధారాలన్నీ తూచి, స్వేచ్ఛగా, వివేకంతో తన ప్రయాణాన్ని కుదించుకున్నారు. నేను ఆయన్ను పొమ్మనలేదు. ఆధారాలు పొమ్మన్నాయి.

అమ్మ మేడమీద చాలాసేపు ఉంది. నలగని రెండో దిండును చంకలో పెట్టుకుని దిగింది. నా వైపు చూసింది. దిండును బీరువాలో పెట్టి తలుపు మూసింది.

అన్నది అమ్మమ్మ: "అంతమందిలో ఒక్కడొస్తే, వాణ్ణి కూర్చోబెట్టి, నువ్వు రానేలేదని రుజువు చేసి పంపావుటే!"

18వ తేదీ

ఫుట్‌నోట్‌కు కొత్త ఆధారం చూపించాను: "వారాంతం దాకా ఉండదలచిన ఒక సందర్శకుడు ముందే వెనుదిరిగాడు."

"బాగుంది. కారణం?"

"వివిధ కారణాలు."

అతను నా మొహం చదివాడు. ఫుట్‌నోట్లు చదివే అలవాటున్నవాడికి మొహం ఒక లెక్క కాదు. "ఎవరింట్లో దిగాడు?"

చెప్పాను. అతను పెన్ను తీసి, ఆ వాక్యం పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, అడుగున చిన్న అక్షరాలతో రాశాడు: "వివిధ కారణాలలో ప్రధానమైనది వక్త."

19వ తేదీ

అమ్మ నాతో మాట్లాడుతూనే ఉంది. తలుపు వెయ్యి. దీపం ఆర్పు. అంతే. మౌనం అంగీకారంతో సమానమన్న నియమం రాసినవాడికి తల్లి ఉండి ఉండదు.

21వ తేదీ

ఉత్సవం ముగిసింది. గోడల మీది పోస్టర్లను ఒక పక్క నుంచి గాలే చించేస్తోంది. ఇంకెవరూ రాలేదు. రారని నేను చెప్పాను. చెప్పినట్టే జరిగింది.

అమ్మ తన పెద్ద కత్తెరను తీసి, తుడిచి, నూనె వేసి, రెండుసార్లు గాలిని కత్తిరించి చూసింది. "నీ సామాన్లు మళ్ళీ పైకి తెచ్చుకో," అంది.

కిటికీ తిరిగి నాదైంది. సంతోషంగానే ఉంది. సంతోషంగానే ఉంది.

22వ తేదీ

ఫైనల్. నాణేనికి ఇంగితం లేదు. అనుకూలం పడింది.

ఫుట్‌నోట్ నా చెవిలో, "ఆధారం?" అన్నాడు. మా చేతిలో ఒక్కటీ లేదు. అంతకన్నా ఘోరం, మూడో వరుసలో అమ్మ, అమ్మమ్మ. పిలవలేదు. పోటీ ఎప్పుడో చెప్పిన గుర్తు కూడా లేదు. కాని రెండు వారాలుగా ఇంట్లో అరుస్తూ తిరిగితే వేరే ఆహ్వానపత్రిక అక్కర్లేదు కాబోలు.

ప్రత్యర్థులు లేచి జేబు గురించి చెప్పారు. జడిసిన యాత్రికుడి గురించి చెప్పారు. బస్సు గురించి చెప్పారు. నా పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోయి నా మీదికే ఉసిగొల్పినట్టుంది. కాని కన్నతల్లికి బిడ్డల బలహీనతలు తెలుసు. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని పడగొట్టాను. ఆ తరువాత చెప్పడానికేమీ మిగల్లేదు. మూడో వరుస వైపు చూశాను. నోటికి వచ్చింది చెప్పాను.

స్టేడియం కట్టారన్న మాట విని ఒక ఊళ్ళో ఒక మనిషి గదికి సున్నం వేస్తుంది, కర్టెన్లు కుడుతుంది, మంచం వేస్తుంది. మంచం వేసి ఉన్న ఊరికీ, వేయని ఊరికీ తేడా లేదా? పదిమందీ రాలేదు, నిజమే. ఒకడు వచ్చాడు. వారాంతం దాకా ఉండాలనే వచ్చాడు. అతడు ముందే వెళ్ళిపోతే తప్పు స్టేడియానిది కాదు, ఊరిది; వచ్చినవాడితో ఎలా మాట్లాడాలో తెలియని ఊరిది.

గంట మోగింది. కప్పు మాకే ఇచ్చారు. అమ్మ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. నేను కప్పు వెనుక మొహం దాచుకున్నాను. కప్పు చిన్నది.

23వ తేదీ

అమ్మ దుకాణానికి వెళ్ళి వచ్చింది. ఇంకో నెల గడువు అడిగిందట. యజమాని గొణిగి ఒప్పుకున్నాడట.

"ఎందుకమ్మా?"

"నువ్వేగా చెప్పావు, అంతమంది ముందు, అంత బాగా. మంచం వేసి ఉంటే వస్తారని."

అమ్మమ్మ కుర్చీలోంచి: "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇది రచ్చ గెలిచి ఇల్లు ముంచేట్టుంది."

నేను నమ్మని వాదనతో నేను గెలిచాను. నేను గెలిచిన వాదనను అమ్మ నమ్మింది. నిజం చెబితే ఆమె రేపే బల్ల దగ్గర నిలబడుతుంది. చెప్పకపోతే నెల తరువాత, ఇంకో నెల ఆశ మోసుకుని, నిలబడుతుంది. రెండు వైపులా వాదించి చూశాను. రెండు వైపులా ఓడిపోయాను. మునుపెన్నడూ ఇలా జరగలేదు.

25వ తేదీ

చెప్పేశాను. దుప్పటి కొస పట్టుకుని చెప్పాను, అప్పుడైతే చేతులు ఖాళీగా ఉండవని.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పింది నేను నమ్మింది కాదు. నాణెం అలా పడింది."

"లాగు," అంది అమ్మ. లాగాను. "నాణెం ఎగరేస్తుంటే నేను హాల్లోనే ఉన్నానుగా. చూళ్ళేదనుకున్నావా?"

"మరి గడువెందుకు అడిగావు?"

"నమ్మనిదే అంత బాగా చెప్పావు. ఆ నోటితో ఒక గది నింపలేవా అని." దుప్పటి మడత నా చేతిలో పెట్టింది. "ఒకణ్ణి పొమ్మన్నది ఆ నోరే కదా. ఇప్పుడు రమ్మనమను. ఇవాళ్టి నుంచి ఫోనెత్తేది నువ్వే."

నేను అభ్యంతరం చెప్పాను. నాలుగు అంశాలుగా విభజించి చెప్పాను. అమ్మ ఫోను తెచ్చి నా పుస్తకం మీద పెట్టింది.

26వ తేదీ

మోగలేదు.

27వ తేదీ

మోగింది. గ్యాసువాడు. అయినా తూర్పు కిటికీ గురించి చెప్పాను. "మాకు వంటగది ఏ పక్కనుందో చెబితే చాలమ్మా," అన్నాడు.

28వ తేదీ

మళ్ళీ మోగింది.

"నువ్వే కదూ? దొరికావు!" అవతల పళ్ళ డాక్టరు గారు. "జవాబు తట్టింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానో లేదో, టకీమని తట్టింది. దిగిపోదామంటే డ్రైవరు ఆపలేదు."

"డాక్టరు గారూ, ఆ రోజు నేను మిమ్మల్ని—"

"ఆగు, ఈసారి నా వంతు. నలభై ఏళ్ళు నేను మాట్లాడటం, ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని వినడం. ఒక్కరు ఎదురు చెప్పలేదు. ఎలా చెబుతారు, నోట్లో నా చేతులుంటే! మొన్న మొదటిసారి నా నోరు తెరిపించి, నన్ను మాట్లాడనివ్వకుండా చేసింది నువ్వు. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదమ్మాయ్. గది ఖాళీగా ఉందా?"

ఉందనాలి. అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. కాని నా నోటికి ఒక అలవాటుంది: "ఉత్సవం అయిపోయింది కదండీ. స్టేడియానికి తాళం కూడా వేశారు."

అమ్మ నుదురు కొట్టుకుంది.

"స్టేడియం ఎవడిక్కావాలి!" అన్నారు డాక్టరు గారు. "ఆదివారం దాకా ఉంటాను. మా వాకింగ్ మిత్రుడొకడు ఉన్నాడు, కళ్ళ డాక్టరు. వాడు ప్రతిదీ రెండు వైపుల నుంచీ చూస్తానంటాడు. నేను ఎలా ఉందో వెళ్ళి చెబితే, వచ్చే వారం వాడొస్తాడు."

ఫోను పెట్టేశాక అమ్మ అడిగింది, "ఎవరే?"

"పర్యాటకుడు," అన్నాను. ఆ మాట ఇంత సులువుగా పలకవచ్చని నాకు తెలియదు.

వచ్చే నెల 1వ తేదీ

మళ్ళీ మెట్ల కింద రాస్తున్నాను. నా పుస్తకాలు దిగాయి, దీపం దిగింది, ఫైనల్ కప్పు మాత్రం మేడమీది గదిలో ఉండిపోయింది. అందులో అమ్మ పూలు పెట్టింది. అమ్మ కత్తెర ఎక్కడుందో తెలియదు. కూనిరాగం మాత్రం ఇంట్లో ఎక్కడ నిలబడినా వినిపిస్తోంది.

మధ్యాహ్నం ఎవరో కొత్తవారు ఫోను చేస్తే, నేను అందుకునేలోగా అమ్మే ఎత్తింది. "తూర్పు కిటికీ ఉందండీ. వేడి నీళ్ళున్నాయి. సాయంత్రాలు మా అమ్మాయి వాదిస్తుంది."

నా మీద ప్రభుత్వం ఇంతవరకు పైసా ఖర్చు పెట్టలేదని చరిత్రలో నమోదు కావాలి.

సాయంత్రం వరండాలో డాక్టరు గారు తన జవాబు చెప్పారు. బస్సులో తట్టిన జవాబు కనుక కుదుపులు ఉన్నాయి. "నేను స్టేడియం చూడటానికే వచ్చాను, నిజం. అది లేకపోతే ఈ ఊరి పేరే నాకు తెలిసేది కాదు. కాబట్టి ఈ రోజు ఈ కుర్చీలో నేను కూర్చోవడం కూడా ఆ స్టేడియం ఖాతాలోదే. ఏమంటావు?"

అమ్మమ్మ కళ్ళు తెరిచింది. అమ్మ టీ పళ్ళెంతో గుమ్మంలో ఆగిపోయింది.

ఏమంటాను! ఆ వాదనలో ఒక రంధ్రం ఉంది. పంటి డాక్టరు పూడ్చలేనంత పెద్దది. అంత ఖర్చుతో ఒక్కరికి ఒక ఊరి పేరు చెప్పడం కన్నా చవకైన మార్గాలు లేవా అని ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాలుక చివరనే ఉంది. అది అనేస్తే ఆయన నోరు తెరిచి, తప్పేమీ కనబడటం లేదని చెప్పి, పొద్దుటి బస్సెక్కుతారు.

"ఆలోచించాలండీ," అన్నాను. "రేపు చెబుతాను."

ఆయన మొహం వెలిగిపోయింది. రెండో కప్పు టీ అడిగారు.

జవాబు తెలిసీ చెప్పకపోవడం నా జీవితంలో ఇదే ప్రథమం. నియమం ప్రకారం నేను ఒప్పుకున్నట్టే లెక్క. లెక్క పోతే పోనీ. ఆదివారం దాకా ఉంటారు.